హైదరాబాద్‌లో హత్యలు నిజంగా పెరుగుతున్నాయా? నార్సింగి వైపు ఫ్లాట్ కొనొచ్చా?

మీరు అడిగింది ఇది. నార్సింగి వైపు ఫ్లాట్ చూశారు, విజయవాడ నుంచి అమ్మానాన్నల్ని కూడా తెచ్చుకుందామనుకుంటున్నారు. కానీ టీవీ పెడితే రోజూ ఎక్కడో ఒకచోట నరికేశారు, పొడిచేశారు అనే వార్తే. ఊరు పెరిగేకొద్దీ హైదరాబాద్ పాడైపోతోందా, కొనమంటారా వద్దంటారా అని. దానికి ఒకాయన నేర గణాంకాల గ్రాఫ్ పెట్టి "చూడండి ఎలా పైకి పోతోందో" అన్నారు, ఇంకొకాయన "అంతా బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ల పనే" అని తేల్చేశారు.

కొనుక్కోండి. హత్యల భయంతో మాత్రం ఆగొద్దు. ఆగాల్సి వస్తే ఆ స్థలం కాగితాలు చూసి ఆగండి, ఆ సంగతికి తర్వాత వస్తాను. నేను స్టేషన్లలో ఎస్సైగా, తర్వాత ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని. సర్వీసులో ఎక్కువ భాగం నగరం అంచుల్లోనే, అంటే నిన్నటిదాకా పొలాలుండి ఇప్పుడు టవర్లు లేచిన చోట్లే గడిచింది. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు గ్రాఫ్ పెట్టినాయనకు. మీ గ్రాఫ్‌లో హింసాత్మక నేరాలు అని ఒకే గీత ఉంది. ఆ గీతలో హత్య, హత్యాయత్నం, అత్యాచారం, దోపిడీ, అల్లర్లు, కిడ్నాప్ అన్నీ కలిసే ఉంటాయి. అన్నీ ఒకే కుప్పగా పోస్తే అందులో ఏది పెరిగిందో ఎవరికీ తెలియదు. కిడ్నాప్‌నే తీసుకోండి. ఆ మాట వినగానే కారులో ఎక్కించుకుపోయి డబ్బులడిగే ముఠా గుర్తొస్తుంది కదా. స్టేషన్‌లో కిడ్నాప్ కేసంటే చాలాసార్లు ఇంటర్ చదివే పిల్ల ఇంట్లోంచి వెళ్లిపోయిందని తండ్రి తెచ్చిచ్చిన పిటిషన్. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు కనిపించకపోతే అపహరణ జరిగిందనే అనుకుని ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013 మేలో చెప్పింది. అదే ఏడాది నవంబరులో లలితాకుమారి కేసులో, కేసు పెట్టదగిన నేరం గురించి ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాల్సిందేనని ఇంకో తీర్పు వచ్చింది. ఈ రెండింటి తర్వాత లెక్కలు పెరగకపోతేనే అనుమానపడాలి. ఇంట్లోంచి వెళ్లిపోయిన పిల్ల దొరికాక, ఎవరితో వెళ్లిందో ఆ అబ్బాయి మీద పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు కూడా కట్టాల్సి వస్తుంది, అదీ లెక్కల్లోకి చేరుతుంది. తప్పని అనడం లేదు, చట్టం అలా ఉంది. కానీ ఆ అంకె చూసి రాత్రి ఎనిమిదింటికి రోడ్డు మీద నడవడానికి భయపడితే మీరు భయపడుతున్నది వేరే దేనికో.

కొట్లాట కేసుల సంగతి ఇంకా విచిత్రం. రాత్రి పదకొండింటికి తల పగిలిన మనిషి చొక్కా విప్పి తలకు చుట్టుకుని స్టేషన్‌కొస్తాడు, వెంట ఇద్దరు వస్తారు, ఆ ఇద్దరూ తాగే ఉంటారు. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ మెమో రాసి కానిస్టేబుల్‌ని తోడిచ్చి ఆసుపత్రికి పంపుతాడు. అక్కడ డ్యూటీ డాక్టర్ ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసు కోసం గాయాల నివేదిక, రాస్తాడు: గాయం ఎంత పొడవు, ఎంత లోతు, మొద్దు ఆయుధమా పదునైనదా అని. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే వస్తేగానీ తేలదు. విరిగితే తీవ్ర గాయం, విరగకపోతే మామూలు గాయం, పన్ను ఊడినా తీవ్ర గాయమే. ఇక ఫిర్యాదులో "చంపుతానంటూ కొట్టాడు" అనే మాట ఉండి దెబ్బ తలకు తగిలితే హత్యాయత్నం సెక్షన్ పెట్టొచ్చు, పెట్టకపోనూవచ్చు. అదే రాడ్డు, అదే దెబ్బ. ఆ రోజు డ్యూటీలో ఉన్న అధికారి ఎవరు, దెబ్బ తిన్నవాడి వెంట ఏ లీడరైనా వచ్చాడా, పైన ఏసీపీ కేసులు గట్టిగా చదివే మనిషేనా అన్నదాన్ని బట్టి సెక్షన్ మారుతుంది. నాలుగు రోజులకు అతను ఆసుపత్రిలో చనిపోతే కోర్టుకు ఆల్టరేషన్ మెమో పంపి హత్య కేసుగా మారుస్తాం. అప్పటిదాకా అది కొట్లాటే.

దానికి తోడు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత చట్టంలో గాయం వల్ల 20 రోజులు తీవ్రమైన నొప్పితో బాధపడినా, తన పనులు తాను చేసుకోలేకపోయినా తీవ్ర గాయం అనేవారు, ఇప్పుడు అది 15 రోజులు. గొలుసు లాక్కెళ్లడాన్ని ఇంతకుముందు ఒకరు దొంగతనం కింద, ఇంకొకరు దోపిడీ కింద రాసేవారు, ఇప్పుడు స్నాచింగ్‌కు విడిగా సెక్షనే వచ్చింది. ఊళ్లో ఏమీ మారకుండానే కాగితం మీద ఒక నేరం తగ్గి ఇంకో నేరం పెరిగినట్టు కనిపిస్తుంది. ఇకమీదట ఎవరైనా 2023తో 2025ని పోల్చి గ్రాఫ్ గీస్తే ముందు ఈ సంగతి అడగండి.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో నగరాలకు నేరాల రేటు కట్టేటప్పుడు 2011 జనాభా లెక్కల అంకెనే వాడుతూ వచ్చింది. హైదరాబాద్‌కు ఆ అంకె 77.5 లక్షలు. 2011లో కోకాపేట ఎలా ఉండేదో గుర్తుందా? తెల్లాపూర్, కొల్లూరు? ఇప్పుడు కోటి దాటిన ఊరిలో జరిగే నేరాలను 77.5 లక్షలతో భాగిస్తే రేటు ఎక్కువ రాక ఏమవుతుంది. పెరగని ఊరికి ఈ తేడా పెద్దగా తగలదు, మనలాంటి ఊరికే తగులుతుంది. పోలీసు హద్దులు కూడా అంతే, 2003లో సైబరాబాద్ కమిషనరేట్ వచ్చింది, 2016లో రాచకొండ వచ్చింది, ఆ తర్వాత కూడా హద్దులు మారాయి. డిసెంబరు చివర కమిషనర్లు ప్రెస్ మీట్లు పెట్టి ఎవరి లెక్క వాళ్లు చెబుతారు, పేపర్లో హెడ్డింగ్ మాత్రం "హైదరాబాద్‌లో" అనే వస్తుంది.

మరి దేన్ని చూడాలి? హత్యల అంకె చూడండి. శవాన్ని కొట్లాట అని రాయలేరు కదా. ఆ అంకె దేశం మొత్తం మీద చూస్తే 1992లో 40 వేలు దాటింది, 2022లో 28,522, 2023లో 27,721. మధ్యలో జనాభా ఎంత పెరిగిందో మీకు తెలిసిందే. ఇది నమ్మలేని సంగతిలా ఉంటుంది, ఎందుకంటే 1992లో హత్య జరిగితే మర్నాడు జిల్లా పేజీలో నాలుగు లైన్లు వచ్చేది, ఇప్పుడు పావుగంటలో వీడియో మీ ఫోన్లో ఉంటుంది.

హత్యలు తగ్గాయని మనుషులు మంచివాళ్లయిపోయారని కూడా అనుకోకండి. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. అంతకుముందు కత్తిపోటు తిన్నవాణ్ని ఆటోలో వేసుకుని, ఆటోవాడు రక్తం చూసి ఒప్పుకోకపోతే ఇంకో ఆటో వెతుక్కుని, ఉస్మానియాకో గాంధీకో తీసుకెళ్లేసరికి అయిపోయేది. ఇప్పుడు ఆ మనిషి బతుకుతున్నాడు. అదే కత్తి, అదే పోటు, అప్పట్లో హత్య (పాత చట్టంలో 302) అయ్యేది హత్యాయత్నం (307) అయింది. కాబట్టి ఎవరైనా నిజంగా తెలుసుకోవాలనుకుంటే హత్యలు, హత్యాయత్నాలు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. హత్యలు తగ్గి హత్యాయత్నాలు పెరిగితే అందులో కొంత వైద్యం పుణ్యం, కొంత సెక్షన్ రాసే చేతి మహిమ.

ఇక అసలు విషయం, ఎవరు ఎవర్ని చంపుతున్నారు. 2022లో దేశంలో జరిగిన ఆ 28,522 హత్య కేసుల్లో తగాదాల వల్ల జరిగినవి 9,962, పాత కక్షలవి 3,761. డబ్బు కోసం, లాభం కోసం చేసినవి 1,884, అంటే వందకు ఏడు కూడా లేవు. మా స్టేషన్లలో కూడా ఇదే వరస. మొగుడు పెళ్లాం, అన్నదమ్ములు, అద్దెకుండేవాడు ఇంటివాడు, కలిసి తాగినవాళ్లు, అప్పిచ్చినవాడు తీసుకున్నవాడు. హత్య కేసు రాగానే మేం మొదట అడిగేది "చివరిసారి ఎవరితో తాగాడు" అనే. నవ్వుకోకండి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

పెరుగుతున్న ఊళ్లో హింస ఎక్కడ పుడుతుందో చెప్పడానికి ఒక కేసు చెబుతాను, గుర్తుపట్టే వివరాలు లేకుండా. టవర్లు లేస్తున్న చోట వాటి వెనక రేకుల షెడ్లు వేస్తారు చూశారా, ఒక్కో గదిలో పది మంది, ఎండాకాలం లోపల నిలబడలేం. ఒకే మేస్త్రి కింద పనిచేసే ఇద్దరు, ఒకే మండలం నుంచి వచ్చినవాళ్లు. ఆదివారం కూలి డబ్బులిచ్చే రోజు. మధ్యాహ్నం వైన్స్ పక్క పర్మిట్ రూములో మొదలుపెట్టి సాయంత్రానికి గదికొచ్చారు. ఆ రోజు అన్నం వండాల్సిన వంతు ఎవరిది అనే దగ్గర మాట పెరిగింది. ఒకడు పక్కనున్న ఇనుప రాడ్డు తీశాడు. మేం వెళ్లేసరికి కొట్టినవాడు పారిపోలేదు, స్టౌ పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "లేస్తాడనుకున్నా సార్" అన్నాడు. బియ్యం నానబెట్టిన గిన్నె అలాగే ఉంది. మర్నాడు పేపర్లో "నార్సింగి వైపు దారుణ హత్య" అని వచ్చింది, అది చదివి ఆ వైపు ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్లు ఎంతమంది టెన్షన్ పడ్డారో.

ఆ కేసు తర్వాత ఏమవుతుందన్నది ఎవరూ రాయరు. చూసినవాళ్లు ఎనిమిది మంది, అందరూ కూలీలే. ఛార్జిషీటు వేసి, కేసు సెషన్స్ కోర్టుకు వెళ్లి విచారణ మొదలయ్యేసరికి ఆ టవరు పూర్తయింది, షెడ్లు పీకేశారు. ఒకడు బెంగళూరులో, ఒకడు సొంతూరిలో, ఇంకొకడి ఫోను పనిచేయదు. సమన్లు తిరిగొస్తాయి. వచ్చిన ఒకరిద్దరూ "నేను నిద్రపోయాను, చూడలేదు" అంటారు, ఎందుకంటే ఒక రోజు కోర్టుకొస్తే ఒక రోజు కూలి పోతుంది, ఊళ్లో వాడి బంధువులు ఉంటారు. స్థిరంగా ఉండే జనం లేని చోట సాక్ష్యం కూడా నిలబడదు. ఊరు పెరగడం వల్ల మాకు వచ్చిన అసలు కష్టం ఇది. కెమెరాలు ఎన్ని పెట్టినా ఆ షెడ్డు లోపల పెట్టలేం కదా.

"బయటివాళ్ల వల్లే" అన్నాయనకు ఇక్కడే జవాబుంది. కొట్టినవాడూ వలసొచ్చినవాడే, చచ్చినవాడూ వలసొచ్చినవాడే, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. 2021 జనవరిలో హైదరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు, పద్దెనిమిది మంది ఆడవాళ్లను చంపాడని కేసు. కల్లు కాంపౌండ్ల దగ్గర ఒంటరిగా ఉన్న ఆడవాళ్లను మాటల్లో పెట్టి తీసుకెళ్లేవాడు. అతను బయటి రాష్ట్రంవాడు కాదు. అంతకుముందే పట్టుబడి జీవిత ఖైదు కూడా పడినవాడు, అయినా అంతమంది బలయ్యారంటే కారణం ఏమిటి? ఆ ఆడవాళ్లు కూలి పని చేసుకునేవాళ్లు. ఇంటికి రాకపోతే రెండు రోజులు చూద్దాంలే అనుకునే ఇళ్లు. ఒక స్టేషన్‌లో మిస్సింగ్ కేసు, ఇంకో స్టేషన్ పరిధిలో గుర్తు తెలియని మృతదేహం. హత్యల అంకె నమ్మదగిందని పైన అన్నాను, అందులో ఉన్న చిల్లు ఇదే. అడిగే దిక్కులేనివాళ్ల చావు లెక్కలోకి ఆలస్యంగా వస్తుంది.

పరిధి అన్నాను కాబట్టి ఒక మాట. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దిశ ఘటనలో ఆ రాత్రి కుటుంబం ఫిర్యాదు చేయడానికి వెళితే పరిధి మాది కాదంటూ తిప్పారని, ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. ఎవరైనా సరే, ఏ స్టేషన్‌కైనా వెళ్లి జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా కట్టే ఎఫ్ఐఆర్) కట్టమని అడగొచ్చు, ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త చట్టంలోనే రాసి ఉంది. "మా లిమిట్స్ కాదు" అంటే లేచి రాకండి, రాసివ్వమనండి.

తెలిసినవాళ్ల మధ్యే జరుగుతున్నా జనాన్ని నిజంగా వణికించేవి నడిరోడ్డు మీద జరిగేవి. 2022 మే 4న సరూర్‌నగర్‌లో, అదే నెల 20న బేగంబజార్‌లో ఇద్దరు కుర్రాళ్లను చంపేశారు, రెండూ అమ్మాయి కుటుంబం వాళ్లు చేసినవే, ప్రేమ పెళ్లిళ్ల పగ. సరూర్‌నగర్ వీడియోలో చుట్టూ జనం ఉంటారు, భార్య అరుస్తూ అడ్డం పడుతుంటుంది. అది చూసినవాళ్లకు ఊరంతా అలా ఉందనే అనిపిస్తుంది. కానీ ఆ చంపినవాళ్లు మీ కోసం రోడ్డు మీద లేరు. ఆ అమ్మాయికి, ఆ అబ్బాయికి మాత్రం ఊళ్లో ఎక్కడా క్షేమం లేదు, అదే అసలు ఘోరం. నన్నడిగితే పోలీసులు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇలాంటి పెళ్లిళ్ల తర్వాత స్టేషన్‌కొచ్చి రక్షణ అడిగే జంటల మీద. రెండు వైపుల వాళ్లనూ పిలిచి ఒక కాగితం మీద సంతకాలు పెట్టించి పంపేస్తే పని అయిపోయిందనుకుంటారు. పెళ్లయి నెలలు గడిచాక, అంతా చల్లబడింది అనుకున్నప్పుడే చంపేవాళ్లున్నారు.

పాత హైదరాబాద్ బంగారం అనేవాళ్లకు కూడా ఒక మాట. 1990 డిసెంబరు అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి, రోజుల తరబడి కర్ఫ్యూ. పాలపాకెట్ కోసం బయటికి వెళ్లడానికి సడలింపు గంటల కోసం చూసిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రకం హింసతో పోలిస్తే ఈ ఊరు చాలా కుదుటపడింది. ఇప్పటి పాతికేళ్ల పిల్లలకు కర్ఫ్యూ అంటే కరోనానే గుర్తొస్తుంది.

పెరిగిందీ ఉంది, దాచను. భూమి చుట్టూ జరిగే హింస పెరిగింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి పలికింది. అంత ధర ఉన్నచోట పాత జీపీఏలు (తన తరఫున అమ్మే అధికారం ఇంకొకరికి రాసిచ్చిన కాగితాలు), ఒకే ప్లాటుకు రెండు రిజిస్ట్రేషన్లు, ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములు, అన్నదమ్ముల వాటాలు అన్నీ మేలుకుంటాయి. ఒకప్పుడు బస్తీలో దాదాగిరీ చేసి మామూళ్లు వసూలు చేసుకున్న రౌడీషీటర్ ఇప్పుడు తెల్ల చొక్కా వేసుకుని సెటిల్‌మెంట్లు చేస్తున్నాడు. రాత్రికి రాత్రి ప్రహరీ కడతారు, తెల్లారేసరికి ఇంకొకరు జేసీబీతో కూలుస్తారు, ఇద్దరూ స్టేషన్‌కొస్తారు, మేం "సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి" అంటాం. సివిల్ కోర్టులో తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోపు ఒకడికి ఓపిక పోతుంది. 2022 మార్చి 1న ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్టర్లను కాల్చి చంపారు, అదీ స్థలం తగాదానే. అందుకే మొదట్లో కాగితాలు చూడమన్నాను. ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు) మీ సొంత లాయరుతో చూపించుకోండి, బిల్డర్ చూపించిన లాయరుతో వద్దు. ఆ సర్వే నంబరు మీద కోర్టులో కేసేదైనా నడుస్తోందా చూడమనండి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉన్నంత మాత్రాన టైటిల్ మీద తగాదా లేదని కాదు.

కెమెరాల గురించి కూడా రెండు ముక్కలు. 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం కింద దుకాణాలు, అపార్ట్‌మెంట్లు కెమెరాలు పెట్టడం మొదలైంది, 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ వచ్చింది. గొలుసు దొంగల మీద, ఇళ్లు దోచే ముఠాల మీద ఇవి బాగా పనిచేస్తాయి, ఎందుకంటే వాళ్లు లెక్క వేసుకుని వస్తారు. తాగి అన్నం దగ్గర కొట్టుకునేవాడు కెమెరా ఉందా అని చూడడు. అక్కడ కెమెరా వల్ల నేరం ఆగదు, నేరస్తుడు దొరుకుతాడు అంతే. రౌడీల మీద పీడీ యాక్టు (విచారణ లేకుండా ముందస్తుగా నిర్బంధించే చట్టం) పెట్టేసి ఏడాది లోపల ఉంచడం మా డిపార్ట్‌మెంటుకు బాగా అలవాటైన దారి. ఆ చట్టాన్ని ఇష్టమొచ్చినట్టు వాడుతున్నారని 2023లో సుప్రీంకోర్టు తెలంగాణకు గట్టిగానే చెప్పింది. నాకైతే సరైన ఛార్జిషీటు వేసి, సాక్షుల వాంగ్మూలాలు మేజిస్ట్రేట్ ముందు త్వరగా రికార్డు చేయించడమే ఎక్కువ పనికొచ్చింది. కానీ దానికి ఓపిక కావాలి, బందోబస్తు డ్యూటీల మధ్య ఆ ఓపిక ఎవరికుంటుంది.

ఫ్లాటు చూడటానికి ఈసారి వెళ్లినప్పుడు మధ్యాహ్నం కాకుండా రాత్రి తొమ్మిది దాటాక వెళ్లండి. మెయిన్ రోడ్డు నుంచి గేటు దాకా లైట్లు వెలుగుతున్నాయా, ఆ దారిలో వైన్స్ ఉందా, అది మూసే టైముకు బయట ఎలా ఉంది, మీ ఇంట్లో ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్లు ఆ దారిన నడవగలరా చూడండి. స్టేషన్ ఎక్కడుందో, 112కు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి ఎంతసేపట్లో వస్తుందో అక్కడ రెండేళ్లుగా ఉంటున్న వాచ్‌మన్‌ని అడగండి, మా అధికారులకంటే సరిగ్గా చెబుతాడు.

ఇక అమ్మానాన్నల సంగతి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇళ్లలో నేను చూసిన కేసుల్లో బయటి నుంచి తలుపు పగలగొట్టి వచ్చినవాళ్లకంటే ఇంటి లోపల సంగతి తెలిసినవాళ్లే ఎక్కువ. కొత్తగా పెట్టుకున్న పనిమనిషి, ఏసీ బాగు చేయడానికి రెండుసార్లు వచ్చిన కుర్రాడు, ఒక్కోసారి అప్పుల్లో ఉన్న బంధువు. మీరు పగలంతా ఆఫీసులో ఉంటారు, వాళ్లిద్దరే ఉంటారు కాబట్టి బంగారం బ్యాంకు లాకర్లో పెట్టేయండి, బీరువాలో ఉంచి తాళంచెవి దిండు కింద పెట్టుకునే అలవాటు అమ్మగారికి ఉంటే మాన్పించండి. పనికి పెట్టుకునేవాళ్ల ఆధార్ కాపీ ఒక్కటే తీసుకుని ఊరుకోకుండా వాళ్లను పంపినవాళ్ల ఫోన్ నంబరు కూడా తీసుకుని మీరే ఒకసారి మాట్లాడండి. చెడ్డవాళ్లని అనుమానించి కాదు, రేపు వాళ్లకేదైనా అయినా ఎవరికి చెప్పాలో మీకు తెలియాలి కదా. ఎదురింటివాళ్ల నంబరు నాన్నగారి ఫోన్లో మొదటి పేరుగా పెట్టండి, మీరు కొండాపూర్ ట్రాఫిక్‌లో ఉంటే గంట పడుతుంది, ఎదురింటివాళ్లు నిమిషంలో వస్తారు.